కన్ను పొడవు ఎంత? ఎక్కువ మైనస్ ఉన్నవాళ్ళని ఏ మెషిన్ సరిగ్గా కొలుస్తుంది?

ఈరోజు ఎపిసోడ్ సోడాబుడ్డి అద్దాల వాళ్ళ కోసం. మైనస్ ఆరు దాటినవాళ్ళు, పొద్దున్నే లేవగానే ముందు ఫోన్ కోసం కాదు, కళ్ళజోడు కోసం తడుముకునేవాళ్ళు. మీరు కాకపోయినా మీ ఇంట్లో ఒకరైనా ఉండే ఉంటారు.

ఈమధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది: "ఒక ఆస్పత్రిలో నా కన్ను 27.1 అని రాశారు. ఇంకో చోట 27.6 అన్నారు. రెండూ పెద్ద ఆస్పత్రులే. ఎవరిని నమ్మాలి?" నిజానికి ఇద్దరూ సరిగ్గానే కొలిచి ఉండొచ్చు. వాళ్ళు వాడిన మెషిన్లు వేరు. మామూలు కంట్లో ఈ తేడా పెద్దగా బయటపడదు. ఎక్కువ మైనస్ ఉన్న కంట్లోనే బయటపడుతుంది. అందుకే ఈ ఎపిసోడ్.

నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, ఆపరేషన్ చేసే డాక్టర్ని కాదు. ఆపరేషన్‌కి ముందు మిమ్మల్ని ఒక చీకటి గదిలో కూర్చోబెట్టి "గడ్డం ఇక్కడ పెట్టండి, నుదురు ఆనించండి, లైటు చూడండి, రెప్ప కొట్టకండి" అంటారు చూడండి, ఆ మనిషిని. ఆ గదిలో చేసేదాన్ని బయోమెట్రీ అంటారు. ఆధార్ వేలిముద్ర కాదు లెండి, కంటి కొలతలు.

ముందు ఒక విషయం. మనం "నాకు సైట్ మైనస్ ఎనిమిది" అంటాం. అది మీ కళ్ళద్దాల నంబర్, మీ కంటి నంబర్ కాదు. కంటి అసలు నంబర్ మిల్లీమీటర్లలో ఉంటుంది. నల్లగుడ్డు ముందున్న పారదర్శకమైన పొర, అంటే కార్నియా, అక్కణ్ణించి వెనక రెటీనా దాకా ఎంత దూరం అన్నది. పెద్దవాళ్ళలో మామూలుగా అది 23.5 మిల్లీమీటర్ల దరిదాపు. ఒక మిల్లీమీటర్ పొడవు పెరిగితే సుమారు రెండున్నర పవర్ మైనస్ వైపు వెళ్తుంది. 26 మిల్లీమీటర్లు దాటితే పొడవైన కన్ను అంటాం. 30 దాటిన కళ్ళు కూడా చూస్తుంటాం.

పవర్ అనేది ఎక్కడ పెట్టి కొలిచామన్నదాన్ని బట్టి మారిపోతుంది. కళ్ళజోడు కంటికి ఓ 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. అందులో మైనస్ పది ఉన్నవాళ్ళకి కాంటాక్ట్ లెన్స్ అయితే మైనస్ తొమ్మిది చాలు. ఒకే కన్ను, రెండు నంబర్లు. ఇక లేజర్ చేయించుకుంటే పవర్ సున్నా కూడా అవుతుంది. కానీ లేజర్ చెక్కేది ముందున్న కార్నియానే. వెనక్కి సాగిన కన్ను అలాగే ఉంటుంది. 28 మిల్లీమీటర్ల కన్ను లేజర్ తర్వాత కూడా 28 మిల్లీమీటర్ల కన్నే. సాగిన రెటీనాకి ఉండే ప్రమాదాలూ అక్కడే ఉంటాయి. "సైట్ పోయింది కదా, ఇక కంటి డాక్టర్‌తో పనేముంది" అనుకునేవాళ్ళు ఈ ముక్క రెండుసార్లు వినండి. కంట్లో మెరుపులు కనిపించినా, ఒక్కసారిగా నల్లచుక్కలు ఎక్కువైనా, పక్క నుంచి తెర దిగుతున్నట్టు అనిపించినా అదే రోజు చూపించుకోవాలి.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు లాంటి శిబిరాల్లో లక్షలమందికి చూపు పరీక్షలు చేసి అద్దాలిచ్చారు. మంచి పని. అక్కడ చూసింది పవర్. పొడవు కొలవాలంటే వేరే మెషిన్ కావాలి, అది శిబిరాల్లో సాధారణంగా ఉండదు. కాబట్టి ఎన్నో ఏళ్ళుగా అద్దాలు పెట్టుకుంటున్నా తమ కన్ను ఎన్ని మిల్లీమీటర్లో తెలియనివాళ్ళే ఎక్కువ.

సరే, మెషిన్ల దగ్గరికి వద్దాం.

పాతది ఎ-స్కాన్. అల్ట్రాసౌండ్. పెన్ను లాంటి ప్రోబ్‌ని, మత్తు చుక్కలు వేసి, కంటి మీద ఆనిస్తారు. శబ్దతరంగం లోపలికెళ్ళి, రెటీనాకి తగిలి వెనక్కి వస్తుంది. ఎంతసేపు పట్టిందో చూసి దూరం లెక్కేస్తారు. చేదబావిలో రాయి వేసి శబ్దం ఎప్పుడొచ్చిందో విని లోతు అంచనా వేసినట్టే. కంట్లో ఉన్న నీరులాంటి భాగంలో శబ్దం సెకనుకి 1532 మీటర్లు పోతుంది, లెన్స్‌లో 1641 మీటర్లు. చాలా ఎ-స్కాన్లు మొత్తం కంటికి 1550 అని ఒక సగటు పెట్టుకుని లెక్కేస్తాయి.

ఇందులో రెండు ఇబ్బందులు. ఒకటి, ప్రోబ్ ఆనించేటప్పుడు కార్నియా కొంచెం లోపలికి నొక్కుకుపోతుంది. ఒత్తిడి ఎంత పడిందన్నది చెయ్యి తిరిగిన మనిషిని బట్టి ఉంటుంది. నొక్కితే కొలత తగ్గుతుంది, మిల్లీమీటర్‌లో పదోవంతు నుంచి మూడు పదోవంతుల దాకా. దీనికి మందు ఉంది: కంటి మీద చిన్న గిన్నెలాంటిది పెట్టి, అందులో నీళ్ళు నింపి, ప్రోబ్ కంటికి తగలకుండా కొలవడం. ఇమ్మర్షన్ పద్ధతి అంటారు. ఎ-స్కాన్ తప్పనిసరైతే, ఎక్కువ మైనస్ ఉన్నవాళ్ళకి ఇమ్మర్షనే చేయాలని నా అభిప్రాయం. ఉత్తినే ఆనించి కొలిచి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు.

రెండో ఇబ్బంది పెద్దది. పొడవైన కన్ను అన్నివైపులా సమానంగా సాగదు. చాలామందికి వెనక గోడ ఒకచోట పల్చబడి, బయటికి సంచిలా ఉబ్బుతుంది. దాన్ని స్టాఫిలోమా అంటారు. పాత ఫుట్‌బాల్‌ని చూడండి, కుట్టు వదులైనచోట బుడిపెలా వస్తుంది కదా, అలాగ. మనం సూటిగా, స్పష్టంగా చూసే చూపు రెటీనా మధ్యలో ఫోవియా అనే చిన్న గుంటలో ఉంటుంది. ఆ ఫోవియా చాలాసార్లు ఈ సంచి అడుగున ఉండదు, దాని వాలు మీద ఉంటుంది. శబ్దతరంగానికి ఇదంతా తెలియదు. అది సంచి అడుక్కి తగిలి తిరిగొస్తే, కన్ను అసలు కన్నా పొడవుగా కనిపిస్తుంది. మనకి కావాల్సింది కన్ను అత్యధిక లోతు కాదు, ఫోవియా దాకా ఉన్న దూరం.

ఇక్కడే కాంతి మెషిన్లు గెలిచాయి. కారణం వినడానికి చాలా చిన్నది: లైటుని మీరే చూస్తారు. మీరు లైటు చూస్తున్నారంటే ఆ కిరణం మీ ఫోవియా మీదే పడుతోందని అర్థం. ఎక్కడ కొలవాలో మెషిన్ వెతుక్కోనక్కర్లేదు, మీ చూపే దారి చూపిస్తుంది. స్టాఫిలోమా ఉన్నా పర్వాలేదు. కంటిని ముట్టుకోరు కాబట్టి నొక్కుడు సమస్యా లేదు.

మరి కాంతి సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది, రెండంగుళాలు కూడా లేని కంట్లో దాని ప్రయాణాన్ని ఏ గడియారంతో కొలుస్తారు? గడియారం పెట్టరు. కాంతిని రెండుగా చీలుస్తారు. ఒక భాగం కంట్లోకి వెళ్ళి తిరిగొస్తుంది, ఇంకోటి మనకి దూరం తెలిసిన దారిలో వెళ్ళొస్తుంది. రెండు దారులూ సమానమైనప్పుడే ఆ తరంగాలు కలిసి ఒక సిగ్నల్ ఇస్తాయి. వియన్నాలో అడాల్ఫ్ ఫెర్షర్, ఆయన తోటివాళ్ళు 1980లలో దీని మీద పనిచేశారు. 1999లో జైస్ కంపెనీ దీన్ని ఐఓఎల్‌మాస్టర్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. అది కంటి డాక్టర్ల పనిని మార్చేసింది. తర్వాత స్విట్జర్లాండ్‌ నుంచి హాగ్-స్ట్రైట్ వాళ్ళ లెన్‌స్టార్ వచ్చింది. ఆపైన ఐఓఎల్‌మాస్టర్ 700, ఆర్గోస్ లాంటి కొత్త తరం మెషిన్లు వచ్చాయి.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలో ఒక మనిషి ద్వారా చెప్తాను. మా దగ్గరికి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు వచ్చారు. ఎడమ కంటికి మైనస్ పదహారు, శుక్లం. చేతిలో వేరే ఊళ్ళో తీయించిన ఎ-స్కాన్ కాగితం. మూడుసార్లు కొలిస్తే మూడు నంబర్లు: 30.4, 30.9, 31.6. సగటు తీసి దాని కింద లెన్స్ పవర్ రాసేశారు. ఒకే కన్ను కొలతలో మిల్లీమీటర్‌కి పైగా తేడా వస్తే అక్కడ సగటు తీయడం కాదు, ఆగాలి. మా కాంతి మెషిన్ మీద కూర్చోబెట్టాను. ఆరుసార్లు కొలిస్తే 30.1 దగ్గరే తిరిగింది, మారింది రెండో దశాంశమే. తర్వాత బి-స్కాన్ తీశారు. అంటే కంటి వెనక గోడ ఆకారం చూపించే అల్ట్రాసౌండ్. స్టాఫిలోమా కనిపించింది. పాత కాగితం కన్నుని దాదాపు 0.9 మిల్లీమీటర్ పొడవు చూపించింది. అంత పొడవు కంట్లో దానివల్ల ఆపరేషన్ తర్వాత చూపులో సుమారు ఒకటిన్నర పవర్ తేడా వస్తుంది.

"ఒకటిన్నరేగా, అద్దాలు పెట్టుకుంటే పోతుంది కదా" అని ఆయన కూతురు అంది. అందరూ అనుకునేదే. కానీ ఏ వైపు తప్పాం అన్నది చూడాలి. కన్ను అసలు కన్నా పొడవుగా కొలిస్తే లెక్కలో లెన్స్ పవర్ తక్కువ వస్తుంది. తక్కువ పవర్ లెన్స్ వేస్తే మనిషి ప్లస్ వైపు వెళ్ళిపోతాడు. జీవితమంతా మైనస్‌లో బతికినవాళ్ళకి ఒక సుఖం ఉంటుంది. కళ్ళజోడు తీసేసి, పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఎంత చిన్న అక్షరమైనా చదివేస్తారు. ప్లస్‌లోకి వెళ్తే అది పోతుంది. దూరం మసక, దగ్గర ఇంకా మసక. మాస్టారు నాతో అన్నది ఇదే: "దూరం సంగతి నువ్వు చూసుకో అమ్మా. నాకు మాత్రం పడుకుని పుస్తకం చదివే చూపు తియ్యకు." నేను "మాస్టారూ, ఈ మాట డాక్టర్ గారికి మీ నోటితోనే చెప్పండి" అన్నాను. చెప్పారు. డాక్టర్ గారు దూరానికి కొంచెం మైనస్ మిగిలేలా, మైనస్ రెండు లక్ష్యంగా పెట్టుకుని లెన్స్ ఎంచుకున్నారు. పొడవైన కళ్ళకి ఇలా కొంత మైనస్ వదలడం చాలామంది సర్జన్లు చేసేదే. మాస్టారు ఇప్పుడు పడుకునే చదువుకుంటున్నారు.

సరే, కాంతి మెషిన్ అయితే చాలు, ఏదైనా ఒకటే అనుకోకండి. వాటిలో వాటికే తేడాలున్నాయి.

మొదటి తరం ఐఓఎల్‌మాస్టర్ 780 నానోమీటర్ల కాంతి వాడుతుంది. లెన్‌స్టార్ 820. శుక్లం బాగా ముదిరితే, లేదా లెన్స్ వెనక అంచున తెల్లగా గట్టిపడితే ఈ కాంతి లోపలే చెదిరిపోతుంది, రెటీనా దాకా వెళ్ళి తిరిగిరాదు. మెషిన్ "ఎర్రర్" అంటుంది. ఎక్కువ మైనస్ ఉన్నవాళ్ళకి శుక్లాలు మిగతావాళ్ళ కన్నా ముందే వస్తుంటాయి కాబట్టి ఇది మనకి తగిలే సమస్యే. కొత్త తరాన్ని స్వెప్ట్ సోర్స్ మెషిన్లు అంటారు. ఇవి 1050 నానోమీటర్ల చుట్టుపక్కల పొడవు తరంగాలు వాడతాయి. పొడవు తరంగం శుక్లంలో తక్కువ చెదురుతుంది. పాత మెషిన్ చేతులెత్తేసిన కళ్ళని ఇవి చాలాసార్లు కొలిచేస్తాయి. అన్నిటినీ కాదు. తెల్లగా పండిపోయిన శుక్లానికి ఇప్పటికీ అల్ట్రాసౌండే గతి.

ఐఓఎల్‌మాస్టర్ 700లో నాకు బాగా నచ్చే సంగతి ఒకటి. నంబర్‌తో పాటు బొమ్మ కూడా చూపిస్తుంది. కన్ను ముందు నుంచి వెనక దాకా ఒక చీలిక, దాని చివర ఫోవియా గుంట. ఆ గుంట బొమ్మ మధ్యలో కనిపిస్తే పేషెంట్ సరిగ్గా లైటే చూస్తున్నాడని నాకు తెలుస్తుంది. పాత మెషిన్లలో ఆ నమ్మకం మాట మీదే: "లైటు చూస్తున్నారా?" "ఆ, చూస్తున్నా." మైనస్ పదిహేను మనిషి అద్దాలు తీసేస్తే ఆ చిన్న లైటు పెద్ద ఎర్రటి మసకలా కనిపిస్తుంది. దాని మధ్య ఎక్కడుందో ఆయనకే తెలియదు పాపం. రెటీనా మధ్యభాగం దెబ్బతిన్నవాళ్ళయితే అసలు చూపు నిలపలేరు. చూపే దారి చూపిస్తుందని ఇందాక అన్నాను చూడండి, ఆ చూపే లేనిచోట కాంతి మెషిన్ కూడా దారి తప్పుతుంది. అలాంటప్పుడు బి-స్కాన్ సాయంతో, ఫోవియా ఎక్కడుందో చూసుకుంటూ అల్ట్రాసౌండ్ చేయడం నయం.

మెషిన్‌కి హద్దులు కూడా ఉంటాయి. లెన్‌స్టార్ 32 మిల్లీమీటర్ల దాకా కొలుస్తుంది, ఐఓఎల్‌మాస్టర్ 38 దాకా. తొంభై తొమ్మిది మందికి ఇది అవసరంలేని సంగతి. కానీ మైనస్ ఇరవై దాటినవాళ్ళు మీ ఇంట్లో ఉంటే గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి దగ్గరగా వచ్చాం. రెండూ కాంతి మెషిన్లే అయినా నంబర్లు ఎందుకు తేడా వస్తాయి?

కాంతి మెషిన్ నిజానికి కొలిచేది మిల్లీమీటర్లు కాదు. కంట్లో కాంతి గాలిలో కన్నా నెమ్మదిగా పోతుంది కాబట్టి అది కొలిచిన దారిని మిల్లీమీటర్లలోకి మార్చాలి. ఐఓఎల్‌మాస్టర్ వచ్చిన రోజుల్లో అందరి లెక్కలూ అల్ట్రాసౌండ్ నంబర్ల మీదే ఉన్నాయి. జర్మనీలో వుర్జ్‌బర్గ్‌కి చెందిన వోల్ఫ్‌గాంగ్ హైగిస్, కొత్త మెషిన్ నంబర్లు ఇమ్మర్షన్ అల్ట్రాసౌండ్‌తో కలిసేలా ఒక సర్దుబాటు చేశారు. మొత్తం కంటికి ఒకటే మార్పిడి లెక్క. మామూలు కళ్ళకి చక్కగా కుదిరింది. చాలా పొడవైన కళ్ళ దగ్గరికి వచ్చేసరికి అది కొంచెం ఎక్కువ చూపిస్తుంది. ఆర్గోస్ మెషిన్ వేరే దారి పట్టింది. కార్నియా, ముందరి నీరు, లెన్స్, వెనక జెల్లీ, ఒక్కో ముక్కని దాని లెక్కతో విడిగా మార్చి, కూడుతుంది. అందుకే పొడవైన కంట్లో ఆర్గోస్ నంబర్ మిగతావాటి కన్నా కాస్త తక్కువ, పొట్టి కంట్లో కాస్త ఎక్కువ వస్తుంది. తేడా చిన్నదే, కానీ ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది. అర మిల్లీమీటర్ తేడా వచ్చిందంటే మాత్రం ఆ రెండిట్లో ఒకటి ఎ-స్కాన్ అయ్యుంటుందని నా అనుమానం. ముందు అది కనుక్కోండి.

ఈ చిన్న తేడాకీ విలువ ఉంది. పొడవైన కళ్ళవాళ్ళు పాత ఫార్ములాలతో ఆపరేషన్ తర్వాత ప్లస్‌లోకి జారుతున్నారని చాలాకాలంగా తెలుసు. 2011లో అమెరికాలో లీ వాంగ్, డగ్లస్ కోచ్ అనే ఇద్దరు ఒక ఉపాయం ప్రచురించారు: 25 మిల్లీమీటర్లు దాటిన కంట్లో, మెషిన్ ఇచ్చిన పొడవుని ఒక లెక్క ప్రకారం కొంచెం తగ్గించి, ఆపైన ఫార్ములాలో వేయడం. అది బాగా పనిచేసింది. కానీ ఆర్గోస్ ముందే తగ్గించి ఇస్తే, దాన్ని మళ్ళీ తగ్గిస్తే ఏమవుతుంది? రెండుసార్లు ఉప్పేసిన కూర. కాబట్టి మెషిన్ పేరు, ఫార్ములా పేరు రెండూ ఒక జట్టు. ఈరోజుల్లో బారెట్ యూనివర్సల్ 2, కేన్ లాంటి కొత్త ఫార్ములాలు పొడవైన కళ్ళని చాలా బాగా లెక్కేస్తాయి. వాటిలో వేసే నంబర్ ఏ మెషిన్ నుంచి వచ్చిందన్నది చూడాల్సిందే.

ఇంకో సందర్భం. రెటీనా ఊడి ఆపరేషన్ అయినవాళ్ళ కంట్లో కొన్నాళ్ళు సిలికాన్ ఆయిల్ నింపి ఉంచుతారు. ఎక్కువ మైనస్ ఉన్నవాళ్ళకే ఇది ఎక్కువ అవసరం పడుతుంది. ఆయిల్‌లో శబ్దం సెకనుకి సుమారు 980 మీటర్లే పోతుంది. మామూలు సెట్టింగ్‌లో ఎ-స్కాన్ చేస్తే 26 మిల్లీమీటర్ల కన్ను 35 మిల్లీమీటర్లు దాటేస్తుంది. కాంతి మెషిన్‌లో "ఆయిల్ ఉన్న కన్ను" అని ఒక సెట్టింగ్ నొక్కితే సరిపోతుంది. అయితే కంట్లో ఆయిల్ ఉందని కొలిచే మనిషికి మీరు చెప్పాలి. "అంతా ఫైల్లో ఉంది కదా" అనుకోకండి. నోటితో చెప్పండి.

ఇక మీ వయసు వాళ్ళ సంగతి. లేజర్ కుదరదన్నారు, కంటి లోపల పెట్టే ఐసీఎల్ లెన్స్ వేస్తామన్నారు. ఇక్కడ పొడవు కన్నా రెండు వేరే కొలతలు ముఖ్యం. కార్నియా వెనక ఎంత ఖాళీ ఉంది, కన్ను అడ్డంగా ఎంత వెడల్పు ఉంది. ఖాళీ కనీసం 2.8 లేదా 3 మిల్లీమీటర్లు ఉండాలంటారు. అది కార్నియా లోపలి అంచు నుంచి కొలిచిన నంబర్. బయోమెట్రీ మెషిన్లు చాలావరకు కార్నియా బయటి అంచు నుంచి కొలిచి చెప్తాయి. మధ్యలో కార్నియా మందం అర మిల్లీమీటర్ ఉంటుంది. అంటే కాగితం మీద 3.2 అని చూసి "హమ్మయ్య" అనుకున్నది లోపల 2.7 కావచ్చు! పెంటాక్యామ్ లాంటి మెషిన్ రెండు నంబర్లనీ విడిగా చూపిస్తుంది. వెడల్పు దగ్గర కూడా జాగ్రత్తే. ఐసీఎల్ నాలుగు సైజుల్లోనే దొరుకుతుంది: 12.1, 12.6, 13.2, 13.7. మెషిన్‌కీ మెషిన్‌కీ వెడల్పులో వచ్చే చిన్న తేడా మిమ్మల్ని ఒక సైజు నుంచి పక్క సైజుకి తోసేయగలదు. చిన్నదైతే మీ సొంత లెన్స్‌కి తగిలి శుక్లం రావచ్చు. పెద్దదైతే ముందుకి ఉబ్బి కంట్లో నీరు పోయే దారి ఇరుకవుతుంది. కాబట్టి డాక్టర్ గారిని "ఈ వెడల్పు ఎన్ని మెషిన్లలో చూశారండి?" అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

పిల్లల విషయం త్వరగా చెప్పేస్తా. తమ్ముడికో చెల్లికో ఏడాదికేడాది మైనస్ పెరుగుతుంటే, అది ఆపే చుక్కలో ప్రత్యేక అద్దాలో వాడుతుంటే, పనిచేస్తోందో లేదో చెప్పేది పొడవే. కన్ను 0.1 మిల్లీమీటర్ పెరిగితే సుమారు పావు పవర్. ఏడాదిలో చూడాల్సిన మార్పులు ఇలాంటి చిన్నవే. ఆనించి కొలిచే ఎ-స్కాన్‌లో చెయ్యి తేడాయే అంతుంటుంది కాబట్టి దానితో ఇది తేలదు. కాంతి మెషిన్‌లో తేలుతుంది, ఒక షరతు మీద: ప్రతిసారీ అదే మెషిన్. ఈసారి ఇక్కడ, వచ్చేసారి ఆఫర్ ఉందని ఇంకో చోట అంటే ఆ పెరుగుదల కంటిదో మెషిన్‌దో ఎవరూ చెప్పలేరు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిలో మయోపియా కోసమే ప్రత్యేక విభాగం ఉంది. అంత దూరం వెళ్ళలేకపోయినా మీ దగ్గర్లో కాంతి మెషిన్ ఉన్న ఒక్క చోటు చూసుకుని, దాన్నే పట్టుకోండి.

కొలిచే రోజు మీరు చేయాల్సినవి కొన్ని. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్ళు ముందే ఆపాలి. మెత్తటివైతే వారం దాకా, గట్టివైతే ఇంకా ఎక్కువ. ఎన్నాళ్ళో ఫోన్ చేసి కనుక్కోండి. అవి కార్నియా వంపుని మార్చేస్తాయి, వంపు తప్పితే లెన్స్ పవర్ తప్పుతుంది. ఒత్తిడి చూడ్డానికి మత్తు చుక్కలు వేసి కంటిని ముట్టుకోకముందే బయోమెట్రీ అవ్వాలి. కొలిచేటప్పుడు మధ్యలో రెప్ప కొట్టమంటే కొట్టండి, కన్ను ఎండిపోతే కొలత పాడవుతుంది. ఇదివరకు లేజర్ అయితే, ఏ సంవత్సరం, ఎంత పవర్‌కి చేశారో చెప్పండి. లేజర్ తర్వాత కార్నియా ముందు వైపు చదునవుతుంది, వెనక వైపు అలాగే ఉంటుంది. మామూలు లెక్కలు ఆ రెండూ ఒక నిష్పత్తిలో ఉంటాయనుకుని వేస్తారు. ఆ నిష్పత్తి తప్పిపోతుంది కాబట్టి వేరే ఫార్ములా వాడాలి. ఇప్పుడు పాతికేళ్ళ వయసులో లేజర్ చేయించుకునేవాళ్ళు ముందు తీసిన కాగితాలన్నీ ఫోన్‌లో ఫొటో తీసి, మెయిల్‌లో కూడా పెట్టుకోండి. మీకు శుక్లం వచ్చే రోజుకి ఆ ఆస్పత్రి ఉంటుందో లేదో తెలియదు.

ప్రింట్ చేతికొచ్చాక చూడాల్సింది: పైన మెషిన్ పేరు. పొడవు పక్కన ఎన్నిసార్లు కొలిచారు, వాటి మధ్య తేడా ఎంత. పసుపు గుర్తో ఎర్ర గుర్తో ఉంటే ఎందుకని అడగండి. రెండు కళ్ళ పొడవులో 0.3 మిల్లీమీటర్ దాటి తేడా ఉండి, అద్దాల పవర్లో మాత్రం తేడా లేకపోతే, మళ్ళీ కొలవమనండి. ఇది మా గదిలో మేమే పాటించే పద్ధతి, మీరు అడిగితే ఎవరూ తప్పుపట్టరు. నాకైతే అలా అడిగేవాళ్ళు వస్తే సంతోషం.

ఎ-స్కాన్‌ని తిట్టినట్టు అనిపించిందేమో. అది చిన్న పెట్టె, జీపులో పెట్టుకుని ఏ ఊరికైనా తీసుకెళ్ళొచ్చు. కాంతి మెషిన్ ధర దానికి ఎన్నో రెట్లు. తెల్లగా పండిన శుక్లంతో, కర్ర పట్టుకుని వచ్చే పెద్దవాళ్ళకి ఇప్పటికీ చూపు తెప్పిస్తున్నది ఆ పెట్టే. ఆ మనిషి కన్ను 23 మిల్లీమీటర్లయితే దానితో హాయిగా పని జరిగిపోతుంది. సోడాబుడ్డి అద్దాలతో వచ్చినవాళ్ళని మాత్రం, అవకాశం ఉంటే, జిల్లా కేంద్రంలోనో పట్నంలోనో కాంతి మెషిన్ దాకా పంపించాలి. బస్సు ఖర్చవుతుంది, ఒక రోజు పోతుంది. మాస్టారికి కూడా అంతే అయింది.

వచ్చే ఎపిసోడ్‌లో ఐసీఎల్ సైజు సంగతే పూర్తిగా మాట్లాడుకుందాం. మీ దగ్గర పాత బయోమెట్రీ ప్రింట్లు ఉంటే వెతికి దగ్గర పెట్టుకోండి, నంబర్లు ఎలా చదవాలో వరుసగా చూద్దాం. ఉంటానండి.